కారణమూ, బాధ్యతా

1

పైరుకు తెగులు తగిలితే దానికి బాధ్యులెవరు? ఇది వ్యవసాయ శాఖవారు తేల్చుకోవలసిన విషయమనీ, సాహిత్యమూ తత్వమూ చదువుకునేవాళ్ళకు దీనితో నిమిత్తం లేదనీ చాలామంది అనుకుంటారు. నేను అట్లా అనుకోను. కారణానికీ బాధ్యతకూ మధ్య వున్న భేదం ఇక్కడ తేలినంత స్పష్టంగా మరొకచోట తేలటం కష్టం. వాన కురవకపోవటానికి కారణం వుంటుంది, బాధ్యుడు వుండడు. చెరువుకట్ట తెగటానికి కారణమూ వుంటుంది, తరచు బాధ్యుడూ వుంటాడు. ఈ రెంటినీ కలగాపులగం చేసినప్పుడల్లా మనం రెండు పెడదోవల్లో ఏదో ఒకదాన పడతాం. మొదటిది కర్మవాదం: జరిగిందంతా ప్రకృతి చేసింది గనక మనం చేయగలిగింది లేదని చేతులు ముడుచుకోవటం. రెండోది ద్వేషవాదం: జరిగిన కీడుకంతటికీ ఒక దుష్టుణ్ణి వెతికి పట్టుకుని, వాణ్ణి తుడిచిపెడితే సర్వం చక్కబడుతుందని నమ్మటం. అభ్యుదయవాదులం మొదటిదాన్ని సులభంగానే గుర్తుపడతాం. రెండోది మన గుమ్మంలోనే కూర్చుని వున్నా చూడం.

నేను మడకశిర ప్రాంతంలో కాలేజీ విద్యార్థులకు తెలుగు చెబుతున్నాను. మడకశిర సీమకు మూడు పక్కలా కర్ణాటకమే. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, బ్యాంకు కాగితం మీద ఇంగ్లీషు. మా పిల్లల్లో చాలామందికి తర్జుమా అనేది పాఠ్యాంశం కాదు, దినచర్య. ఈ మధ్య వాళ్ళను "పరాన్నభుక్కులు" అన్న విషయం మీద వ్యాసం రాయమన్నాను. ఒక విద్యార్థి వడ్డీ వ్యాపారిని "సమాజ శరీరంలో చొరబడ్డ వైరస్" అని వర్ణించాడు. మరొక అమ్మాయి, 2000 సంవత్సరంలో తమ శెనక్కాయ చేను మాడిపోయిన సంగతి తాత చెప్పగా విన్నది రాసి, "వైరస్ చేసిన పనికి మనిషి ఏం చేయగలడు?" అని ముగించింది.

ఒకటి తిరుగుబాటు, మరొకటి లొంగుబాటు. పైకి ఇవి ఎదురెదురుగా నిలిచిన మాటల్లాగే కనిపిస్తాయి. కాని రెంటికీ పునాది ఒకటే: వైరస్ తనంతట తాను పనిచేసే కర్త అన్న నమ్మకం. వ్యాకరణరీత్యా "వైరస్ చంపింది" అన్న వాక్యంలో వైరస్ కర్తే. కాని వ్యాకరణంలో కర్త అయిన ప్రతిదీ లోకంలో కర్త కాదు. ఈ నమ్మకం శాస్త్రం ముందు ఎంతవరకు నిలుస్తుందో చూసి, ఆ పైన నీతి మాట్లాడుకోవటం న్యాయం. దీనికి దూరదేశపు దృష్టాంతాలు వెతకనవసరం లేదు. ఆ అమ్మాయి తాత చేనులోనే కావలసినంత వుంది.

2

2000 ఖరీఫులో అనంతపురం జిల్లా వేరుశనగకు వచ్చిన తెగులును పెద్దవాళ్ళు ఇంకా మరవలేదు. మడకశిర అప్పుడు ఆ జిల్లాలోది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో వుంది. ముందుగా లేత ఆకుల మీద మాడు మచ్చలు, తరవాత ఆకు ఈనెలూ తొడిమెలూ కాండమూ నల్లబడటం, చివరకు మొవ్వు చచ్చి మొక్కంతా ఎండిపోవటం. ఇవీ దాని లక్షణాలు. ఆలస్యంగా తగిలిన మొక్క బతికినా కాయలు చిన్నవై, డొల్లల మీద నల్లమచ్చలు పడ్డవి. సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిన్నదనీ, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందనీ శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. వర్షాధారపు సేద్యం మీద, అప్పు తెచ్చిన విత్తనం మీద బతికే సీమలో ఈ అంకెకు అర్థమేమిటో ఇక్కడివాళ్ళకు చెప్పనవసరం లేదు.

మొదట దీన్ని మొవ్వుకుళ్ళు తెగులనుకున్నారు. అది ఈ పైరుకు పాత శత్రువు. లక్షణాలూ దగ్గరగానే వుంటాయి. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో వున్న ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఇది వేరొక వైరస్ అని తేల్చి, 2002లో ఆ సంగతి ప్రకటించారు. దాని పేరు టొబాకో స్ట్రీక్ వైరస్. పొగాకులో ముందు గుర్తించారు గనక ఆ పేరు వచ్చింది. తెలుగులో ఈ తెగులుకు కాండం కుళ్ళు వైరస్ తెగులు అన్న పేరు స్థిరపడింది. 1997లో బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడు పైరును కాల్చివేసిన తెగులు కూడా ఈ వైరస్‌దేనని తరవాత తెలిసింది. బాగేపల్లి కర్ణాటకంలో వున్నా మాకు పరాయి వూరు కాదు. పెనుకొండ మీదుగా బెంగుళూరు పోయే పెద్దరోడ్డు మీదనే వుంది. అక్కడ వినిపించేది తెలుగే.

ఈ వైరస్ చేనుకు ఎట్లా వస్తుంది? దారిపక్కనా, బీళ్ళలోనూ, గట్ల మీదా తెల్లని చిన్నపూలతో విరగబూసే వయ్యారిభామ మొక్కను అందరూ ఎరుగుదురు. కాంగ్రెస్ గడ్డి అని దానికి మరో పేరు. ఆ మొక్కలో ఈ వైరస్ వుంటుంది. కాని మొక్కకు జబ్బు చేసిన చిహ్నమేమీ పైకి కనబడదు. దాని పుప్పొడిలో వైరస్ చేరుతుంది. ఆ పుప్పొడి గాలికీ, తామర పురుగుల ఒంటికంటుకునీ పక్క చేలోకి పోతుంది. తామర పురుగు శెనక్కాయ ఆకును గీకి రసం పీల్చేటప్పుడు ఏర్పడిన గాటులో ఆ పుప్పొడిలోని వైరస్ దిగుతుంది. మొవ్వుకుళ్ళులో వైరస్ పురుగు లోపల పెరిగి ఆ పురుగుతోనే వస్తుంది. ఇక్కడ పురుగు గాటు పెట్టటం వరకే, సరుకు పుప్పొడిది. రెంటికీ పేర్లు కలిసిపోతే మందులూ కలిసిపోతవి. పేరు సరిగా పెట్టటం పండితుల చాదస్తం కాదని ఇక్కడే తెలుస్తున్నది.

వయ్యారిభామ 1950ల మధ్యకాలంలో పూనా ప్రాంతంలో విస్తారంగా కనబడింది. అమెరికా నుంచి పి.ఎల్. 480 ఒప్పందం కింద దిగుమతి అయిన గోధుమలతో వచ్చిందని ప్రతీతి. ఈ ప్రతీతి మనబోటివాళ్ళకు చాలా ఇష్టం. సామ్రాజ్యవాదం పంపిన కలుపుమొక్క అనటంలో ఒక అలంకారశోభ వున్నది. అయితే అంతకు ఎంతో ముందు, పందొమ్మిదో శతాబ్దారంభపు వృక్షజాబితాల్లోనే దీని ప్రస్తావన కనబడుతుంది. అంచేత గోధుమలే దీన్ని తెచ్చాయని ఒట్టు వేసి చెప్పటం కుదరదు. ఆధారం కన్నా ఆగ్రహం ముందు నడవటం మనకు గౌరవం కాదు. ఎట్లా వచ్చినా, ఇంతగా ఎందుకు వ్యాపించింది అన్న ప్రశ్నకు జవాబు మాత్రం మన కళ్ళెదుటే వుంది. పశువు దాన్ని మేయదు. మేత లేక గొర్రెలు మిగతా గడ్డినంతా కొరికివేసిన బీటిలో అదొక్కటే మిగులుతుంది.

3

ఇక అసలు విషయం. గాటులో దిగిన వైరస్ శెనక్కాయ కణంలో చేసే పని ఏమిటి?

వైరస్ అంటే ఒక రాత, దానిమీద ఒక తొడుగు. రాత ఆర్.ఎన్.ఏ.; తొడుగు ప్రోటీను. ఆ రాతలో వైరస్‌కు కావలసిన ప్రోటీనుల తయారీ విధానం వుంటుంది. కాని ఆ రాతను చదివి ప్రోటీను చేసే యంత్రం వైరస్‌కు లేదు. ఆ యంత్రం కణానిది. దాని పేరు రైబోజోము. ఆర్.ఎన్.ఏ. భాషలో వున్నదాన్ని ప్రోటీను భాషలోకి మార్చే ఈ పనిని మన పాఠ్యపుస్తకాలు అనువాదం అన్నవి. తెలుగు చెప్పుకునే నాబోటివాడికి ఈ శాస్త్రంలో అడుగుపెట్టే ధైర్యం ఇచ్చింది ఈ ఒక్క మాటే. మంచి పరిభాష ఎంత పని చేయగలదో దీనివల్ల గ్రహించవచ్చు.

వైరస్ విజ్ఞానంలో 1956 ఒక మైలురాయి. ఆ సంవత్సరం జర్మనీలో గీరర్, ష్రామ్ అనే వాళ్ళూ, అమెరికాలో ఫ్రాంకెల్-కాన్రాట్ అనే ఆయనా, పొగాకు మొజాయిక్ వైరస్ తొడుగు వొలిచివేసి, ఒక్క ఆర్.ఎన్.ఏ.నే ఆకు మీద రుద్దినా జబ్బు వస్తుందని నిరూపించారు. దానితో రాతే సర్వస్వం, తొడుగు వట్టి సంచి అన్న భావం బలపడింది. పదిహేనేళ్ళు గడిచాక 1971లో, హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయంలో బోల్, వాన్ ఫ్లోటెన్-డోటింగ్, యాస్పర్స్ అనే ముగ్గురు మరొక వైరస్‌తో ఇదే ప్రయోగం చేశారు. అది లూసర్న్ గడ్డికి మొజాయిక్ తెగులు తెచ్చే వైరస్. దాని రాత మూడు ముక్కలుగా వుంటుంది. ఆ మూడు ముక్కలనూ తొడుగు లేకుండా ఆకు మీద రుద్దితే జబ్బు రాలేదు. రాత పూర్తిగా వున్నది, ఒక్క అక్షరం లోపం లేదు; అయినా ఫలితం శూన్యం. వాటికి కొద్దిపాటి తొడుగు ప్రోటీను అణువులు చేర్చితే జబ్బు వచ్చింది. ఆ ప్రోటీనుకు బదులు, దాన్ని తయారు చేయించే నాలుగో చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కను చేర్చినా వచ్చింది. మన శెనక్కాయను చంపిన టొబాకో స్ట్రీక్ వైరస్ ఈ వైరస్‌కు దగ్గరి చుట్టం. దానికీ ఇదే నియమం. అంతేకాదు, ఒకదాని తొడుగు ప్రోటీను మరొకదాని రాతను మేలుకొలపగలదని కూడా ఆ దశకంలోనే తేలింది.

రాత వుండి కూడా చదవబడకపోవటానికి కారణం ఏమిటి? దీనికి సమాధానం తెలియటానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. కణం తన సొంత సందేశాలను ఎట్లా గుర్తిస్తుందో ముందు చూడాలి. కణపు ప్రతి సందేశానికీ తలకట్టు ఒకటి వుంటుంది. చివర, "ఎ" అనే ఒకే అక్షరం పదులకొద్దీ వరసగా రాసిన తోక ఒకటి వుంటుంది. ఆ తోకను పట్టుకునే ప్రోటీను ఒకటి వుంది. తలకట్టు దగ్గర చేరిన ఆరంభకారకాల్లో ఒకదాన్ని ఈ తోక ప్రోటీను తన రెండో చేత్తో అందుకుంటుంది. అట్లా తలా తోకా కలిసి సందేశం వలయంగా చుట్టుకుంటే, రైబోజోము దాన్ని మళ్ళీ మళ్ళీ జోరుగా చదువుతుంది. ఒక విధంగా ఇది కార్యాలయంలో దరఖాస్తుకు పైన స్టాంపూ కింద సంతకమూ వుండటం వంటిది.

మన వైరస్ రాతకు తలకట్టు వుంది, తోక లేదు. కింద సంతకం లేని దరఖాస్తు. ఆ లోటును తొడుగు ప్రోటీను తీరుస్తుంది. అది రాత చివరి భాగాన్ని అంటిపెట్టుకుని, తోక ప్రోటీను చేయవలసిన పనిని తాను చేస్తుంది. 2001లో బోల్, ఆయన సహచరులు దీనికి చక్కని రుజువు చూపించారు. వైరస్ రాత చివర ప్రయోగశాలలో 40 నుంచి 80 "ఎ"లు అతికిస్తే, ఇక తొడుగు ప్రోటీను లేకుండానే జబ్బు మొదలయింది. అంటే తొడుగు ప్రోటీను అంతవరకు తీర్చిన కొరత ఈ తోకదే. ఈ ప్రోటీను ఆరంభకారకాన్ని నిజంగానే పట్టుకుంటుందని 2005లో చూపించారు. మరొక విశేషం: ఈ ప్రోటీను తన్ను తయారు చేయించే సందేశం చివరనే అంటుకుని, తన ఉత్పత్తిని తానే పెంచుకుంటుంది.

ఇంతటితో దాని పని ముగియలేదు. వైరస్ రాత రెండు రకాల పనులకు పనికిరావాలి: చదవటానికీ, నకలు తీయటానికీ. ఒకే కాగితాన్ని ఒకరు ఈ చివర నుంచి చదువుతూ వుంటే, మరొకరు ఆ చివర నుంచి నకలు రాయబోతే ఇద్దరూ ఢీకొంటారు. తొడుగు ప్రోటీను అంటుకోనప్పుడు రాత చివర ఒక రకంగా ముడిపడి, నకలు తీసే యంత్రానికి అనువుగా వుంటుంది. ప్రోటీను అంటుకుంటే ఆ ముడి విడిపోయి, నకలు ఆగి, చదువు సాగుతుంది. 1999లో లైడెన్ వారు ప్రతిపాదించిన ఈ కీలు సిద్ధాంతంలోని కొన్ని వివరాలను ఇతర శాస్త్రజ్ఞులు ప్రశ్నించారు. నకలు తీయటంలోనూ ఈ ప్రోటీను సహాయం వుందని వాళ్ళ వాదం. కాని ముఖ్యాంశం మీద వివాదం లేదు. వట్టి సంచి అనుకున్నది వట్టి సంచి కాదు. అదే తొడుగు, అదే రాతకు సంతకం. కణం నిండా కావలసినన్ని అణువులు తయారయిన తరవాత అదే కొత్త రాతల చుట్టూ మూసుకుని, వాటిని ప్రయాణానికి సిద్ధం చేస్తుంది.

4

ఇక్కడిదాకా చదివిన విద్యార్థి మిత్రుడు ఉత్సాహంగా లేచి, "పరిమాణం గుణంగా మారటానికి ఇంతకన్నా రుజువేం కావాలి? కొద్ది అణువులు వుంటే చదువు, ఎక్కువైతే మూత!" అనవచ్చు. ఆ ఉత్సాహానికి నేను అడ్డం రాను. కాని ఒక చరిత్ర గుర్తుచేస్తాను. ప్రకృతి మన సూత్రాలకు వంత పాడి తీరాలని పట్టుపట్టిన రోజు ఒకటి వున్నది. 1948లో సోవియట్ వ్యవసాయ విజ్ఞాన అకాడమీలో లైసెంకో జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రంగా ఖండించి నెగ్గాడు. అంతకు ఐదేళ్ళ క్రితమే, లోకమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించిన వావిలోవ్ సరటోవ్ జైలులో కన్నుమూశాడు. మార్క్సిస్టు అయిన జె.బి.ఎస్. హాల్డేన్ ఆ వ్యవహారం నేపథ్యంలోనే పార్టీకి దూరమయ్యాడు. 1957లో భారతదేశం వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. గతితర్కం ప్రకృతిని ప్రశ్నలడగటానికి సాధనం. ప్రకృతి చేత సాక్ష్యం చెప్పించటానికి లాఠీ కాదు. శెనక్కాయ వైరస్ మన సిద్ధాంతాన్ని బలపరచటానికి పుట్టలేదు.

అయితే దానివల్ల మనం నేర్చుకోదగినది ఏమీ లేదా? వున్నది, అది చిన్నదేమీ కాదు. కారణం ఒక వస్తువులో వుండదు, వస్తువుల మధ్య సంబంధంలో వుంటుంది. వైరస్ రాత ఒక్కటే జబ్బు కాదు. లైడెన్ ప్రయోగంలో అది ఆకు మీద నిస్సహాయంగా పడివుంది. ప్రోటీను ఒక్కటే జబ్బు కాదు. రైబోజోము సంగతి సరేసరి. దానికి ఏ సందేశమైనా ఒకటే. ఈ మూడూ ఒక ప్రత్యేక పద్ధతిలో కలిసినప్పుడే జబ్బు అనే క్రియ జరుగుతుంది.

ఇతర వైరస్‌లను చూసినా ఇదే. పోలియో వైరస్ ప్రోటీను ఒకటి, తలా తోకా కలిపే ఆ ఆరంభకారకాన్నే రెండుగా తెంపివేస్తుంది. దాంతో కణపు సొంత సందేశాల చదువు ఆగిపోతుంది. వైరస్ రాతకు మాత్రం లోపలికి వేరే దొడ్డిదారి వుంది గనక దాని చదువు సాగుతుంది. పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్ ప్రోటీను, మన శెనక్కాయ వైరస్ తొడుగులాగే, తోక ప్రోటీను స్థానంలో తాను చేరుతుంది. 2020లో లోకాన్ని మూసివేసిన కరోనా వైరస్‌లోని ఒక ప్రోటీను రైబోజోములో సందేశం దూరే సందులో బిరడాలాగా కూర్చుంటుందని ఆ సంవత్సరమే కనుక్కున్నారు. వైరస్ తన సొంత సందేశాల మొదట్లో వున్న ఒక గుర్తు మూలంగా ఆ బిరడాను తప్పించుకుంటుంది. ఈ నాలుగింటిలోనూ యంత్రం కణానిదే. ఏది చదవాలి, ఏది చదవకూడదు అన్న నిర్ణయం మాత్రం చేతులు మారింది.

"నిర్ణయం" అన్న మాట ఇక్కడ అలవాటు కొద్దీ వాడాను. నిజానికి అక్కడ నిర్ణయించేవాడు ఎవడూ లేడు. ప్రోటీను తన ఆకారం కొద్దీ అంటుకుంటుంది, తన ఆకారం కొద్దీ విడిపోతుంది. మరొక విధంగా ప్రవర్తించే అవకాశం దానికి లేదు. మరొక విధంగా చేయగలిగి వుండీ చేయనివాడికే నీతి వర్తిస్తుంది. ఈ అర్థంలో వైరస్ సంపూర్ణంగా నిర్దోషి.

నా విద్యార్థి వడ్డీ వ్యాపారికి ఇచ్చిన ఉపమానంలో దోషం ఇప్పుడు తేటపడుతుంది. అతను వ్యాపారిని తిట్టాననుకున్నాడు; నిజానికి విడుదల చేశాడు. వడ్డీ వ్యాపారి వైరస్ అయితే, నూటికి మూడో నాలుగో నెలవడ్డీ గుంజటం అతని ఆకారధర్మం. అతణ్ణి ప్రశ్నించటానికి వీలులేదు. కాని అతను మనిషి. లెక్క తెలిసినవాడు, మరొక విధంగా చేయగలిగినవాడు, తన పనికి జవాబుదారీ అయినవాడు. మనిషిని పురుగు అని పిలిస్తే ముందు అతని బాధ్యత పోతుంది. ఆ తరవాత అతని మనిషితనమూ పోతుంది. ఆ రెండో మెట్టు ఎక్కడికి తీసుకుపోతుందో గత శతాబ్దం చూసింది. నాజీలు యూదులను క్రిములన్నారు. క్రిములకు చేసే చికిత్సే చేశారు. వర్గశత్రువును గురించి రాసేటప్పుడు మన కలాలు ఈ మాటల దగ్గర కాసేపు ఆగటం మంచిది. శ్రమను దోచుకునే సంబంధాన్ని వివరించటానికి మనకు అర్థశాస్త్రం వుంది. అంటువ్యాధుల పరిభాష అరువు తెచ్చుకోనక్కరలేదు.

5

వైరస్ నిర్దోషి అయితే, ఆ అమ్మాయి అన్న మాట నిజమేనా? మనిషి చేయగలిగింది లేదా?

జబ్బు ఒక సంబంధం అన్నాం. సంబంధానికి చాలా కొసలు వుంటాయి. వైరస్ కొస మన చేతిలో లేదు. మిగతా కొసలను ఒక్కొక్కటే పట్టుకుని చూద్దాం.

మొదటి కొస పైరు. కొర్ర, రాగి, జొన్న, సజ్జ, వాటి మధ్య కంది, అనుము కలిపి వేసుకున్న నేల ఈ సీమది. ఆ చోట కొన్ని దశాబ్దాల్లో శెనక్కాయ ఒక్కటే నిలిచింది. రైతు మూర్ఖుడై ఈ మార్పు చేయలేదు. నూనెగింజలకు ధర పలికింది, అప్పు దానికే పుట్టింది, ప్రభుత్వాలు దాన్నే ప్రోత్సహించాయి. ఆ తరవాత 1994 నుంచి విదేశీ పామాయిలుకు తలుపులు తెరిచారు. లక్షల హెక్టార్లలో ఒకే మొక్క వున్న చోట తెగులుకు ఆగవలసిన గట్టు లేదు. ఈ తెగులు వచ్చిన తరవాత శాస్త్రజ్ఞులు చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి ఏమిటి? చేను చుట్టూ కొన్ని సాళ్ళు జొన్న గాని సజ్జ గాని వేయమని. ఎత్తుగా పెరిగిన పైరు పుప్పొడినీ పురుగునూ అడ్డుకుంటుందని. వెళ్ళగొట్టిన జొన్న కావలివాడుగా తిరిగి వచ్చింది. పాత సేద్యమంతా జ్ఞానమేనని నేను అనను. దానిలో ఆకలీ వుంది, వెట్టీ వుంది. కాని దేన్ని వదులుతున్నామో తెలియకుండా వదిలించిన విధానానికి బాధ్యత వుంది. ఆ విధానం రాసినవాళ్ళు ప్రోటీనులు కారు.

రెండో కొస వయ్యారిభామ. దాన్ని పూతకు రాకముందే పీకివేయాలన్నది మరొక జాగ్రత్త. చెప్పటానికి ఇది చాలా తేలిక. ఒక రైతు తన చేను గట్టు మీద ఒక్క మొక్క లేకుండా పీకవచ్చు. అయితే పక్క బీడు ఎవరిది? రోడ్డు పక్క ఎవరిది? రైలుకట్ట ఎవరిది? గాలికీ పురుగుకూ సర్వే నంబర్లు తెలియవు. ఈ మందు స్వభావరీత్యా వూరుమ్మడి మందు; ఒంటరిగా వేసుకుంటే పనిచేయదు. కనుక ఒక్కొక్క రైతుకూ కరపత్రం ఇచ్చి, ఆ పైన పైరు పోతే "మేం చెప్పాం, వాళ్ళు వినలేదు" అనటం నీతి కాదు. వూరు కలిసి చేయవలసిన పనిని ఒక్కడి నెత్తిన పెట్టి, ఆ ఒక్కడి అజ్ఞానాన్ని నిందించటం మన పాలనలో పాత అలవాటు. గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలయింది ఈ అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. జనం దాన్ని కరువు పని అన్నారు. ప్రజాధనంతో కూలి ఇచ్చి చేయించే పనుల్లో, తొలకరి తరవాత, పూతకు ముందు, వూరి బీళ్ళలోనూ దారుల పక్కనా ఈ మొక్కను పీకించటం ఒకటిగా వుండాలి. దానితోపాటు మరొక మాట కూడా చెప్పాలి. వయ్యారిభామ తగిలితే ఒంటికి దద్దుర్లు వస్తాయి, కొందరికి వుబ్బసం వస్తుంది. కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళు. చేతికి తొడుగు ఇవ్వకుండా ఆ పని చేయిస్తే, పైరు నష్టాన్ని రైతు నుంచి తీసి కూలి మనిషి చర్మం మీద పెట్టినట్టే.

మూడో కొస జ్ఞానం. రైబోజోము మంచీ చెడూ ఎరగదన్నాను. దాన్ని మనం మంచికి వాడుకున్నాం కూడా. కరోనా మీద పనిచేసిన కొత్తరకం టీకాల్లో ఒక సందేశ ఆర్.ఎన్.ఏ. వుంది, దానికి తలకట్టూ, "ఎ"ల తోకా రెండూ పెట్టారు. మన కణపు యంత్రమే దాన్ని చదివి రక్షణకు కావలసిన ప్రోటీను చేసింది. ఈ విజయానికి దారి వేసిన కరికో, వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ బహుమతి వచ్చింది. జబ్బును చదివిన యంత్రమే మందునూ చదివింది. కాని ఆ మందు ఎవరికి ముందు అందాలన్న ప్రశ్న వచ్చేసరికి యంత్రం తటస్థంగా మిగలలేదు. పేటెంట్లు అడ్డం నిలిచాయి. వాటిని తాత్కాలికంగా సడలించమని 2020 అక్టోబరులో భారతదేశమూ దక్షిణాఫ్రికా అడిగితే, ప్రపంచ వాణిజ్య సంస్థ ఒక పరిమితమైన ఒప్పందానికి రావటానికి 2022 జూన్ దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో పోయిన ప్రాణాలకు కారణం వైరస్. బాధ్యత మాత్రం ఒక్క వైరస్ కొసన ఆగదు.

జ్ఞానానికి సంబంధించిన మరొక సంగతి మన పత్రికకూ, మన వృత్తికీ నేరుగా తగులుతుంది. శెనక్కాయను చంపింది ఏ వైరసో తేల్చిన పరిశోధన ఇంగ్లీషులో వెలువడింది. తొడుగు ప్రోటీను రహస్యం ఇంగ్లీషులో వెలువడింది. రైతుకు తెలుగులో అందింది, చాలావరకు, మందు పేరూ మోతాదూ. ఎందుకు చేయాలో తెలియకుండా ఏం చేయాలో మాత్రమే చెప్పటాన్ని నేను అనువాదమనను, ఆజ్ఞ అంటాను. పుప్పొడి సంగతి తెలిసిన రైతుకు గట్టు మీది పువ్వు ఎందుకు ప్రమాదమో ఒకరు చెప్పనక్కరలేదు. తామర పురుగుకు మందు కొట్టి వూరుకోవటం ఎందుకు చాలదో తానే తర్కించుకుంటాడు. వూరివాళ్ళతో వాదించగలుగుతాడు, అధికారిని నిలదీయగలుగుతాడు. చదివి వినిపించేవాడు లేని రాత కణంలోనే కాదు, సమాజంలోనూ నిరర్థకంగా పడివుంటుంది.

ఉపమానాలను ఎక్కడ ఆపాలో చెప్పినవాణ్ణి గనక నా ఉపమానాన్ని కూడా ఇక్కడే ఆపుతాను. మనం ప్రోటీనులం కాము. రాతకు అంటుకోవటమా మానటమా అన్నది మన ఆకారం నిర్ణయించదు, మనం నిర్ణయించుకుంటాం. ఆ తేడాలోనే నీతి పుడుతుంది. శాస్త్రవిషయం తెలుగులో చెప్పటం సైన్సు మాస్టర్ల పని అని తెలుగు మాస్టర్లమూ, భాష మా పని కాదని సైన్సు మాస్టర్లూ తప్పుకుంటే, ఆ తప్పుకోవటం మన ఇష్టప్రకారం జరిగినదే అవుతుంది. దానికి వైరస్‌ను సాకుగా చూపలేం.

కారణం తెలియనంతకాలం కర్మ అన్నవాణ్ణి నేను నిందించను. ఆ తాత కర్మ అనుకున్ననాడు ఆయనకు తెగులు పేరైనా సరిగా తెలియదు. కాని కారణం తెలిసిన క్షణం నుంచీ మన పరిస్థితి వేరు. ఇప్పుడు మనకు రాత తెలుసు, తొడుగు తెలుసు, పుప్పొడి తెలుసు, పురుగు తెలుసు, బీడు తెలుసు, బీడు ఎందుకు బీడయిందో కూడా తెలుసు. ఇందులో ఏ కొసను మార్చగలమో తెలిసీ మార్చకపోతే వచ్చే ఏడాది తెగులును ప్రకృతి వైపరీత్యం అని పిలిచే హక్కు మనకు వుండదు. మా తరగతిలో ఆ ఇద్దరి వ్యాసాలమీదా మార్కులు వేయటం మాని, పెద్దవాళ్ళకు వినిపించటానికి ఈ తెగులు కథను రెండు పుటల తెలుగులోనూ, సరిహద్దు అవతలి చుట్టాల కోసం రెండు పుటల కన్నడంలోనూ కలిసి రాయమని వాళ్ళకే అప్పగించాను. వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడు తప్పులు దిద్దటానికి ఒప్పుకున్నాడు. తొలకరికి ముందే అది వూళ్ళకు చేరాలి.